నాలుగో రోజు స్నానం

మా ఇంట్లో దానికి పేరు లేదు. కాకి ఉంది.

"అమ్మను కాకి ముట్టింది, దగ్గరికి పోకు" అనేవాడు నాయిన, నా చిన్నప్పుడు. ఆ రోజుల్లో అమ్మ వెనక వరండాలో చాప మీద కూర్చునేది. కంచం వేరు, చెంబు వేరు, దుప్పటి వేరు. నాయిన పప్పుచారు కాచి, దూరం నుంచి వంగి వడ్డించేవాడు. ప్రతిసారీ అడుగంటించేవాడు. ఆరేడేళ్ల వయసులో నేను జేబునిండా గులకరాళ్లు పోసుకుని, వెనక గోడెక్కి, ఒక మధ్యాహ్నమంతా కాకుల్ని కొట్టాను. ఒక్కటీ తగల్లేదు. అమ్మ చాప మీద పడి పడి నవ్వింది. ఎందుకు నవ్విందో చెప్పలేదు.

తర్వాత నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివి, భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగంలో చేరాను. కాకి సంగతేమిటో ఆలోపే తెలిసింది. కానీ అమ్మకూ నాకూ మధ్య ఆ మాట ఎన్నడూ రాలేదు. 2011లో ఆమె ప్రాణం పోయినంత పనైంది, ఆ మాట రాకపోవడం వల్లే.

ఇది రాస్తానంటే అమ్మ ఒక్క షరతు పెట్టింది. "నా పేరు రాయకు. ముచ్చట మాత్రం మొత్తం రాయి. సగం రాస్తే, చదివినోళ్లు ఆ సగం దగ్గర్నే ఆగిపోతరు."

*సమ్మె మొదటి వారాలు*

ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ కోసం అందరూ పని ఆపేశారు. మా గని ఆగింది, బడులు ఆగాయి, బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. నేను భూపాలపల్లి నుంచి పరకాల దాకా ట్రాక్టర్ మీద, అక్కణ్నుంచి వరంగల్‌కు జీపులో, ఆ తర్వాత లారీలో జనగామ చేరాను. ఉద్యోగం వచ్చాక వరుసగా అన్ని రోజులు ఇంట్లో ఉండటం అదే మొదలు. సమ్మె లేకపోతే నేనేదీ చూసి ఉండేవాణ్ని కాదు.

మాది ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు. పొద్దున అమ్మ స్నానం చేసి వచ్చి, దుకాణంలో లక్ష్మీదేవి పటం ముందు దీపం ముట్టిస్తే తప్ప నాయిన గల్లాపెట్టె తెరవడు. ఆ మూడు రోజులు మాత్రం దీపం ఆయన ముట్టిస్తాడు. నాలుగో రోజు అమ్మ తలస్నానం చేసి లోపలికొస్తుంది. దీపం మళ్లీ ఆమె చేతికి వస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఈ లెక్క తప్పలేదు.

గనిలో మోటార్లు చూడటం నా పని. మోటారు ఉన్నట్టుండి కాలిపోదు. ముందు వేడెక్కుతుంది, మోత మారుతుంది, తాగవలసిన దానికన్నా ఎక్కువ కరెంటు తాగుతుంది. అలా చూడటం అలవాటైన కళ్లకు అమ్మలో కొన్ని తేడాలు కనపడ్డాయి. మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళ్తూ మెట్ల మధ్యలో కూలబడుతోంది. మాకందరికీ చెమటలు కారుతుంటే ఆమె ఫ్యాన్ ఆపి కొంగు కప్పుకుంటోంది. ముఖం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. అన్నిటికన్నా వింత, బియ్యం బస్తా పక్కన నిలబడి గుప్పెళ్లతో పచ్చి బియ్యం బుక్కుతోంది.

"ఏందమ్మా, గవి ఒడ్లు కాదు గద, పిచ్చుక లెక్క తింటున్నవ్?" అన్నాను.

"నోరు ఊకుంటలేదురా. మీ నాయినకు చెప్పకు. బస్తా తరుగు ఎట్లొచ్చిందని ఎలుకల మందు పెడ్తడు."

నవ్వాను. "దవాఖానకు పోదామా?" అంటే, "సమ్మెల దవాఖాన ఏందిరా! ఉపాసాలు ఎక్కువైనయ్, గంతే" అంది.

తేడాలన్నీ విడివిడిగా నా దగ్గర ఉన్నాయి. వాటిని కలిపే తీగ నాకు దొరకలేదు. ఎందుకంటే ఆమె సరిగ్గా నాలుగో రోజున తలస్నానం చేసి లోపలికి వచ్చింది. నేను చూశాను. దాంతో ఆ వైపు ఏ లోపమూ లేదనే అనుకున్నాను.

*బతుకమ్మ రోజులు*

ఆ ఏడు బతుకమ్మను రోడ్ల మీదే ఆడారు, జెండాల మధ్య, పోలీసు జీపుల ఎదుట. ఎప్పుడూ ముందు వరసలో ఉండే అమ్మ దుకాణం మెట్టు మీద కూర్చుని చప్పట్లు మాత్రం కొట్టింది.

సద్దుల బతుకమ్మకు ముందు శుక్రవారం. నేను పళ్లు తోముకుంటూ దుకాణంలోకి వచ్చేసరికి గడప దగ్గర ఎర్రగా ఉంది. అమ్మ అప్పుడే గడపకు పసుపు రాసి బొట్లు పెట్టినట్టుంది, కుంకుమ ఒలికిందనుకున్నాను. తర్వాత ఆ ఎరుపు తడిగా ఉండటం చూశాను. అది గడప దగ్గర ఆగలేదు. చుక్కలు చుక్కలుగా పటం దాకా పోయింది. దీపం వెలుగుతోంది. దాని కింద అమ్మ గోడకు ఒరిగి కూర్చుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు మాత్రం సున్నం కొట్టినట్టున్నాయి.

"ఏం కాలె, ఏం కాలె" అంటోంది, మమ్మల్ని కాదు, ఆ పటాన్ని చూస్తూ.

నా వెనకే వచ్చిన నాయిన ఒక అడుగు ముందుకు వేశాడు. అర అడుగు వెనక్కి వేశాడు. ఆయనది భయం కాదు, అసహ్యమూ కాదు. ముప్పై ఏళ్ల అలవాటు. నేను వెళ్లి ఆమెను లేపాను. ఆ అర అడుగు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. కానీ ముగ్గురం చూశాం.

దగ్గర్లోని నర్సింగ్‌హోంకు ఎత్తుకుపోయాను. డాక్టరు అడిగాడు, "ఎన్ని రోజుల నుంచి పోతున్నదమ్మా?"

"ఇయ్యాల్నే సారూ."

"మామూలుగా?"

"మూడు దినాలు. నాలుగోనాడు స్నానం."

సూది వేశారు, మాత్రలిచ్చారు, స్కానింగ్ తీశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "లోపలి పొర బాగ మందమైంది. ఈ వయసుల గర్భసంచి ఎందుకు బాబూ, తీసేస్తే పీడ పోతది. ఆ జబ్బు గూడ కావచ్చు."

"ఏ జబ్బు సార్?"

ఆయన పేరు చెప్పలేదు. గోడ వైపు చూశాడు.

ఆపరేషన్‌కు కూడా రక్తం కావాలన్నాడు. ఆమె ఒంట్లో ఉండవలసిన దాంట్లో మూడో వంతే ఉందట. ఇక్కడ దొరకదు, వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. "మీ అమ్మ నాకు నిజం చెప్తలేదు. ఎన్నాళ్లకొకసారి వస్తున్నది, ఎన్నాళ్లుంటున్నది, ఎన్ని బట్టలు మారుస్తున్నది, గడ్డలు పడుతున్నయా? అక్కడ గూడ ఇవే అడుగుతరు. ఇంట్ల ఆడవాళ్లతోని అడిగించు."

అంబులెన్స్ అప్పటికే వేరే రోగితో వెళ్లిపోయింది. రోడ్లు బంద్. తెల్లారితే తన ట్రాలీ ఆటోలో తీసుకుపోతానని మా దుకాణానికి సరుకు తెచ్చే యాకయ్య ఒప్పుకున్నాడు. సూదికి రక్తం కొంత తగ్గింది. ఇంటికి తెచ్చాక అమ్మ లోపల పడుకోనంది. వెనక వరండాలోనే చాప పరిపించుకుంది.

మా ఇంట్లో ఇంకో ఆడమనిషి నా తోడబుట్టిన సుజాతక్క. ఆమె అత్తారిల్లు మహబూబాబాద్. అక్కడ రైళ్లు ఆపేశారు, రాలేదు. అందుకని నేను ముందు గదిలోంచి అక్కకు ఫోన్ చేసి ప్రశ్న చెప్పేవాణ్ని. అక్క నాయిన సెల్లుకు ఫోన్ చేసి, వరండాలో ఉన్న అమ్మను అడిగేది. జవాబు విని మళ్లీ నాకు చేసేది. అమ్మకూ నాకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. మాట మాత్రం మహబూబాబాద్ పోయి వస్తోంది.

గోడకివతల నాకు అమ్మ గొంతు వినపడుతూనే ఉంది.

"గడ్డలా? ... గదెందుకే నీకు? ... వాడు ఇంటున్నడా?"

కాసేపటికి నా ఫోన్ మోగింది. "తమ్మీ, నువ్వు ఇంటలేవని చెప్పిన. ఇంటున్నవా?"

"ఇంటున్న."

"సచ్చినోడా, బయటికి పో!" అంది అక్క. నవ్వబోయి ఏడ్చింది. "మూడు దినాలే అంటున్నదిరా. అబద్ధమాడుతున్నది. నేను ఎరుగనా ఆమె గొంతు? మళ్లొకపారి అడుగుత, ఉండు."

ఆమె మళ్లీ అడగలేదు. కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లో సిగ్నల్ కూడా పోయింది. మేం గనుల్లో బొగ్గు తీయడం ఆపేశాం కాబట్టి ఊళ్లన్నిటికీ కోతలు. నా సమ్మె చుట్టు తిరిగి వచ్చి నా ఇంట్లోనే చీకటి చేసింది.

నేను లేచి వెనక తలుపు దగ్గరికి వెళ్లాను. గడపకు ఇవతల, ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాను. ముఖం చూస్తే అడగలేనని తెలుసు.

"అమ్మా, నేనే అడుగుత. చెప్పు. ఎన్ని దినాలుంటున్నది?"

వంటింట్లో నాయిన పప్పు కలుపుతున్న చప్పుడు.

"ఆగుతలేదురా" అంది అమ్మ.

"ఎన్నాళ్ల సంది?"

"పోయిన బతుకమ్మ సంది. వారం, పది దినాలు. ఒక్కో నెల ఇరవై దినాలు. జర ఆగినట్టే ఆగి మళ్లొస్తది."

"మరి నాలుగోనాడు స్నానం..."

"చెయ్యకపోతే ఎట్లరా? నెలంత బయట కూసుంటే ఇల్లెట్ల నడుస్తది? మీ నాయిన ఎన్నాళ్లు వండుకుంటడు? స్నానం చేసి, మందంగ బట్ట కట్టుకొని లోపటికొచ్చేది." ఆమె గొంతు ఇంకా కిందికి పోయింది. "గదే ఒంటితోని దీపం ముట్టిచ్చిన. ఏడాది సంది. లక్ష్మీదేవి ముందట. అందుకే గిది. దవాఖానల చెప్తే, మీ నాయినకు తెలుస్తదని చెప్పలె. ఆ సంచి తీసేయమను కొడుకా. తీసేస్తే నెలనెలా నాకీ పాపం ఉండది."

పోయిన రక్తం ఒక ఎత్తు. అది పోతోందని తెలిసి కూడా ఏడాది పాటు మా ముందు వండి, వడ్డించి, దీపం పెట్టడం ఇంకో ఎత్తు. ఆ ఏడాదిలో లోపల ఏదైనా పెరిగి ఉంటే? డాక్టరు పేరు చెప్పనిది? చేయి వెనక్కి చాచాను. ఆమె ముట్టుకోలేదు. "వద్దు, బయటున్న" అంది.

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. పప్పు కలిపే చప్పుడు ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు గమనించాను. నాయిన అంతా విన్నాడు.

*తొవ్వ మీద*

పొద్దున్నే ట్రాలీలో బొంత పరిచి అమ్మను పడుకోబెట్టాం. సూది పని చేయడం ఆగినట్టుంది. ఊరు దాటేసరికే మళ్లీ మొదలైంది. నేను ఆమె తల దగ్గర, నాయిన కాళ్ల దగ్గర కూర్చున్నాం. అమ్మ చీర రంగు కాళ్ల వైపు నుంచి మారుతూ వస్తోంది. ఇద్దరం మగవాళ్లం. ఎక్కడ పట్టుకోవాలో, ఏం అడ్డుపెట్టాలో తెలియదు. నేను ఆమె నాడి పట్టుకుని లెక్కపెట్టబోయాను. మధ్యలో తప్పిపోయింది. మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది.

స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. సమ్మెవాళ్ల వంటావార్పు. రాళ్ల మీద పెద్ద పెద్ద డేగిశలు, అటూ ఇటూ ఎద్దుబండ్లు. జెండా చుట్టిన కర్రతో ఒక కుర్రాడు ఆటోకు అడ్డం వచ్చాడు.

"ఇయ్యాల బండ్లు నడుస్తలేవన్నా. దిగుండ్రి, బువ్వ తిని పోదురు."

"అమ్మకు బాగలేదు. వరంగల్ పోవాలె."

"ఏం బీమారి?"

నోరు తెరిచాను. చుట్టూ వందమంది మగవాళ్లు. "జ్వరం" అని వచ్చింది.

"జ్వరానికి వరంగలెందుకన్నా? గీడ ఆరెంపీ డాక్టర్ లేడా?" ఎవరో నవ్వారు. "నిన్న గిట్లనే ఒకడు పెండ్లాం నొప్పులు పడ్తున్నదని జెప్పి, బండిల సిమెంటు బస్తాలు దాటిచ్చిండు!"

నాయిన దిగాడు. దుకాణంలో గిరాకీతో కూడా గట్టిగా మాట్లాడని మనిషి. కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నా పెండ్లానికి ముట్టు ఆగుతలేదు" అన్నాడు. అందరికీ వినపడేలా అన్నాడు. "నెత్తురంత కారిపోతున్నది. సచ్చిపోతది. తొవ్వ ఇయ్యుండ్రి."

ఆ కుర్రాడి కర్ర కిందికి దిగింది. పొయ్యి దగ్గర్నుంచి ఒకామె చేతిలో గంటెతో వచ్చి ట్రాలీలోకి తొంగి చూసింది. చూసి వెనక్కి తిరిగి అరిచింది.

"ఏం జూస్తున్నర్రా గుడ్లప్పగిచ్చి! బండ్లు జరుపుండ్రి! మీ అవ్వలకు గాకనే పుట్టిండ్రా మీరు?"

ఆడవాళ్లు డేగిశలు ఎత్తారు. మగవాళ్లు రాళ్లు లాగారు. నలుగురు ఆడవాళ్లు ట్రాలీ చుట్టూ కొంగులు పట్టుకుని, అమ్మకు బట్ట మార్చారు. నేనూ నాయినా తల తిప్పుకుని నిలబడ్డాం. గంటె ఆమె పేరు సోమక్క. "ఆడమనిషి లేకుంట ఎట్ల తోల్కపోతుండ్రయ్యా?" అని, ఎవరూ అడక్కుండానే ఎక్కి కూర్చుంది.

అమ్మ తలను ఒళ్లోకి తీసుకోబోతే, అమ్మ గొణిగింది. "నన్ను ముట్టుకోకు అక్కా. బయటున్న."

"ఆఁ, నేను గూడ నిన్ననే అయిన" అంది సోమక్క. "ఇగ ఎవలను ఎవలు ముట్టుకున్నట్టు? గీ జనానికి రెండు దినాల సంది బువ్వ వండేది నేనే. ఒక్కనికన్న కడుపునొప్పి లెవ్వలె."

అమ్మ నవ్వింది. ఆ స్థితిలో కూడా నవ్వింది. కళ్లు మూసుకుని, తలను సోమక్క ఒళ్లో వదిలేసింది. నాయిన రోడ్డు వైపు చూస్తున్నాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

*దవాఖాన గేటు అవతల*

ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. ఇనుప గేటు ఉంటుంది. ఆటో ఆగాక అమ్మను దించి ఆ గేటు దాకా మోసుకుపోయింది నాయినే. ఆయన అంగీ ముందు భాగమంతా ఎర్రబడింది. రెండు రోజులు ఆ అంగీ మార్చలేదు.

రక్తం నేనిచ్చాను. యాకయ్య కూడా ఇచ్చాడు, అమ్మను లోపల పడుకోబెట్టి వచ్చిన సోమక్కను ఎక్కించుకుని సాయంత్రం తిరిగిపోయాడు. ఆ తర్వాత మా పని గేటుకు అతుక్కుని నిలబడటం. లోపల ఎవరైనా ఆడమనిషి అరిస్తే గేటు దగ్గరున్న మగవాళ్లందరం ఒకేసారి తలెత్తేవాళ్లం. పేరు పిలిస్తే ఒకడు పోతాడు, మిగతావాళ్లు గాలి వదులుతారు. ఒకసారి ప్యాడ్లు తెమ్మన్నారు. మందుల దుకాణం అతను వాటిని పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, ముడేసి ఇచ్చాడు. ఏదో ఎత్తుకొచ్చినవాడిలా పట్టుకుని పరుగెత్తాను.

మూడో రోజు అక్క వచ్చింది, కేసముద్రం మార్కెట్ నుంచి వస్తున్న మక్కల లారీలో, జుట్టంతా దుమ్ముతో. అప్పటి నుంచి లోపలి కబురు బయటికి తెలిసింది.

అక్కడి డాక్టరమ్మ పెద్దావిడ. నన్ను గదిలోకి పిలిచింది. ఏడాది సంగతి దాచకుండా చెప్పాను, నాలుగో రోజు స్నానాలతో సహా. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఇట్ల దాచుకునేవాళ్లు నా దగ్గరికి వారానికి ఒకరన్నా వస్తరు" అంది. "మీ అమ్మకు చలి ఎక్కువా? గొంతు ఎప్పుడు మారింది?"

ఈ రెండూ నా దగ్గర ఉన్నవే. చెప్పాను. పచ్చి బియ్యం సంగతి కూడా చెప్పాను. రక్తం తగ్గినవాళ్లకు అలా తినబుద్ధవుతుందంది.

ఆ తర్వాత ఆమె చెప్పినది నేను నా భాషలోకి మార్చుకుని అర్థం చేసుకున్నాను. గనిలో బొగ్గు మోసే బెల్టులు ఒకదానికొకటి సిగ్నల్ ఇచ్చుకుంటాయి. ముందరి బెల్టు ఆగితే వెనకది ఆగాలి. ఆ సిగ్నల్ తెగితే బొగ్గు కుప్పపడి పక్కకు ఒలుకుతుంది. ఒంట్లోనూ అంతే. మెదడు కింద ఉన్న చిన్న గ్రంథి అండాశయాలకు కబురు పెడుతుంది. ఒక హార్మోన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక పుట్టే ఇంకో హార్మోన్ దాన్ని అదుపులో పెడుతుంది. అది తగ్గినప్పుడు పొర ఒక్కసారిగా రాలి, నెలసరి వచ్చి, ఆగుతుంది. అండం విడుదల కాని నెలల్లో అదుపు చేసే కబురే రాదు. పొర పెరుగుతూ, ఎక్కడికక్కడ ఊడుతూ ఉంటుంది. గొంతు దగ్గరి థైరాయిడ్ మందగిస్తే ఈ కబుర్లన్నీ తారుమారవుతాయి.

"మీ అమ్మకు థైరాయిడ్ బాగ తక్కువున్నది. కారణం అదే కావచ్చు" అంది డాక్టరమ్మ. "కానీ ఈ వయసులో లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపకుండ నేనేం చెప్పను. గర్భసంచి తీసే తొందర నాకు లేదు. ఆ ఫలితం వచ్చినంకనే మాట్లాడుదాం."

రక్తస్రావం మాత్రలతో ఆగింది. రక్తం ఎక్కిన అమ్మ పెదవులకు రంగు వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు ఒక హెచ్చరిక చేశారు. ఈ మాత్రలు ఆపాక మళ్లీ నెలసరి వస్తుంది, భయపడొద్దు, కానీ వారం దాటితే పరుగెత్తుకు రావాలి.

*దీపావళి*

ముక్క పరీక్ష ఫలితం రాలేదు. బంద్‌ల వల్ల ఆలస్యమన్నారు. గని తెరిచారు. నేను సెలవు పెట్టి జనగామలోనే ఉన్నాను. ఆ రోజుల్లో అమ్మ స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటే నేను తలుపు బయట ఏదో వెతుకుతున్నట్టు తిరిగేవాణ్ని. నాయిన కూడా తిరిగేవాడు. ఇద్దరం ఎదురుపడి, చెరో పక్కకు పోయేవాళ్లం.

మాత్రలు అయిపోయాయి. సరిగ్గా దీపావళి నాడు పొద్దున అమ్మ చాప తీసుకుని వరండాలోకి పోయింది. అక్క నా చెవిలో చెప్పింది. "వచ్చిందిరా. జోరుగనే ఉన్నది." డాక్టరమ్మ చెప్పిందే జరుగుతోంది. అయినా ఆ మధ్యాహ్నం నేను యాకయ్య ఇంటికి పోయి, ట్రాలీలో పెట్రోలు ఉందో లేదో చూసొచ్చాను.

మాకు దీపావళి అంటే దుకాణంలో లక్ష్మీపూజ. ఏడాదికంతటికీ పెద్ద దీపం అదే. పొద్దు గూకుతుండగా నాయిన పంచె కట్టుకుని, పటం ముందు అన్నీ సర్దాడు. నూనె పోసి, వత్తి వేశాడు. ఇక వెలిగిస్తాడనుకున్నాను. ఆయన దీపాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, ఇల్లు దాటి, వరండాలోకి నడిచాడు. అక్కా నేనూ వెనకే పోయాం.

చాప ముందు వంగి దీపం కింద పెట్టాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి చాచాడు.

"ముట్టియ్" అన్నాడు.

అమ్మ చాప మీద వెనక్కి జరిగింది. "ఏం చేస్తున్నరు! బయటున్న నేను. కనపడ్తలేదా?"

"కనపడ్తున్నది."

"దీపావళి దీపం..."

"ఏడాది సంది గీ ఒంటితోనే ముట్టిచ్చినవ్ గద" అన్నాడు నాయిన. అమ్మ తల దించేసుకుంది. ఆయన గొంతులో కోపం లేదు, గిరాకీకి ధర చెప్పినట్టే చెప్పాడు. "దుకాణం మునిగిందా? మంచిగనే నడిచింది. పోయినేటి కన్నా మంచిగ నడిచింది. నెత్తురుతోని ముట్టిచ్చిన దీపం వద్దనుకుంటే, లక్ష్మీదేవి ఎప్పుడో ఎల్లిపోతుండె. నువ్వే పోయేదాక వచ్చింది. గది నాకొద్దు."

ఆయన అగ్గిపెట్టె చాచే ఉంచాడు. అర అడుగు కూడా వెనక్కి వేయలేదు. అమ్మ అగ్గిపెట్టె అందుకుంది. మొదటి పుల్ల విరిగింది. రెండోది ఆరిపోయింది. "ఆ గాలికి జర అడ్డం నిలబడురా" అని నన్ను కసిరింది. మూడోది వెలిగింది.

వెలుగులో ఆమె ముఖం చూశాను. భయం పోలేదు. భయంతోనే ముట్టించింది.

*ఫలితం, ఆ తర్వాత*

వారం లోపే రక్తం ఆగింది. తర్వాత రెండు రోజులకు ఫలితం వచ్చిందని కబురు వచ్చింది. నేనూ అక్కా వరంగల్ పోయాం. వరసలో కూర్చున్నాం. అక్క నా మణికట్టు పట్టుకుని ఉంది. గోళ్లు దిగిన గుర్తులు సాయంత్రం దాకా ఉన్నాయి.

డాక్టరమ్మ కాగితం చూసి, కళ్లద్దాలు తీసి, "క్యాన్సర్ లేదు" అంది.

నెల దాటినా ఎవరూ పలకని పేరు. పేరు పెట్టి పిలిచి మరీ లేదంది. అక్క బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. గర్భసంచి తీయనక్కర్లేదంది డాక్టరమ్మ. పొద్దున్నే పరగడుపున ఒక చిన్న థైరాయిడ్ మాత్ర, ఇనుము మాత్రలు, కొన్ని నెలలు హార్మోన్ మందు, క్రమం తప్పకుండా పరీక్షలు. అంతే. అంత చిన్న మాత్ర లేక ఆమె దీపం కింద కూలిపోయింది.

ఇది చదివేవాళ్లలో కొడుకులూ భర్తలూ ఉంటే ఒక్కటే చెప్పదలచుకున్నాను. స్నానం చేసి లోపలికి వచ్చినంత మాత్రాన ఆగిపోయిందని అనుకోకండి. వారం దాటినా, గడ్డలు పడినా, మెట్లెక్కుతూ కూలబడినా, పచ్చి బియ్యం బుక్కినా అడగండి. ముఖం చూసి అడగలేకపోతే వీపు పెట్టి అడగండి. గర్భసంచి తీసేద్దామంటే ఇంకో డాక్టరుకు కూడా చూపించండి.

అమ్మ ఇప్పుడూ ఆ రోజుల్లో చాప వేసుకుంటుంది. ఆమె ఇష్టం. కానీ చాప వరండాలోంచి నడిమి గదిలోకి వచ్చింది. నాయిన పప్పుచారు ఇంకా అడుగంటుతూనే ఉంది.

నేను మళ్లీ భూపాలపల్లిలో ఉన్నాను. షిఫ్టు దిగి పైకి రాగానే ఫోన్ చూసుకుంటాను. నెలకు రెండుసార్లు అమ్మ తనంతట తనే ఫోన్ చేస్తుంది. అక్క ద్వారా కాదు, కాకి ఊసు లేదు. మొదటిసారి "వచ్చిందిరా" అంటుంది. రెండోసారి "ఆగింది కొడుకా" అంటుంది.

ఆ రెండు ఫోన్ల మధ్య నేను ఇప్పటికీ సరిగ్గా నిద్రపోను.